ఉద్దానమునకు వసంత మెన్నఁడు?

మాఘశుద్ధసప్తమినాఁడు తెల్లవాఱకమున్నే అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధిని వేలకొలఁది జనులు చలికి వడఁకుచు నిలిచియుందురు. రథసప్తమి మొదలు ఎండ ముదురును, చలి తగ్గును అని మనవారి విశ్వాసము. సూర్యుఁడు మాట తప్పఁడు. కావున ఋతుధర్మమైన శిశిరమునకు మనము వెఱవ నక్కఱలేదు.

దానంతట తొలఁగని శిశిరము వేఱొకటి కలదు. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాఁటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోఁటలను, జీడిమామిడితోఁటలను నేలఁ గూల్చెను. తరువాతి వసంతము వేళకే వచ్చెను. కూలిన తోఁటలలో పూఁతయు లేదు, పిక్కయు లేదు.

కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు అయిదాఱేండ్లయినఁ బట్టును. అంతవఱకు రైతు ఏమి తినవలెను? తోఁటపనివారు ఏ యూరికి వలసపోవలెను? ఒక్కమాఱు పరిహారము చేతఁ బెట్టి యూరకుండుట, చలిరాత్రి కంబళి కప్పి తెల్లవాఱకమున్నే లాగికొనుటవంటిది గదా!

కాపు పట్టువఱకు ఏఁటేఁట సాయము, తుపానునకు ముందే గ్రామములందు సిద్ధముగా నుండు మొక్కల పెంపకము: ఈ రెండును ప్రభుత్వమునకు విధులు కావలెను, దయాధర్మములు కారాదు. అడుగుట మన విధి. అడుగకున్నచో ఉద్దానమునకు పంచాంగమునందే వసంతము.