హాస్టలు విద్యార్థియు కంప్యూటరును

కళాశాలలలో ప్రవేశములు జరుగు దినములు వచ్చినతోడనే మా తడ ప్రాంతపు గృహస్థులకు రెండు చింతలు పట్టుకొనుచున్నవి. మొదటిది సీటు, రెండవది ల్యాప్‌టాప్. బిడ్డ చెన్నపట్టణమునకు పోయినను, నెల్లూరు తిరుపతులకు పోయినను, హాస్టలులో కాలిడునాటికి పెట్టెయు పరుపును ఎంత యవసరమో ఈ యంత్రమును అంత యవసరమైనది. పులికాటు సరస్సులో వల వేసి బ్రదుకు కుటుంబమునకు గాని, రెండెకరముల వరిపొలము గల కుటుంబమునకు గాని, నలుబదివేలు, ఏబదివేలు ఒక్కమాఱు వెచ్చించుట సామాన్యము గాదు. అట్టి వస్తువును మనవారు కొనుచున్న తీరు విచారింపదగియున్నది.

తండ్రికి యంత్రముసంగతి తెలియదు. కుమారునకు తెలిసినది ప్రకటనలలో చూచిన పేరు, పైమూత రంగు, పలుచదనము. అంగడివాడు "వడ్డీ లేని వాయిదాలు" అనును. వడ్డీ లేని అప్పు లోకములో నెక్కడ నున్నది? వడ్డీని రుసుముల పేరిట దాచి సున్నవడ్డీ యనుట తగదని రిజర్వుబ్యాంకు 2013లోనే బ్యాంకులను మందలించినది. రొక్కమునకైన వెల యెంత, వాయిదాలన్నియు కూడినచో నెంత, అని రెండు అంకెలను కాగితముమీద వ్రాయించి చూచుకొనువారు మిక్కిలి యరుదు.

ఈ విషయమున మనకొక పూర్వోదాహరణము కలదు. 1929లో అఖిలభారత చరఖా సంఘము మేలైన రాట్నమును నిర్మించినవారికి లక్షరూపాయల బహుమానమును ప్రకటించెను. అప్పటి షరతులు నేటికిని చదువదగినవి. యంత్రము మనదేశముననే తయారు కావలయును. వెల 150 రూపాయలు మించరాదు. సామాన్యమైన పల్లెయింటిలో పనిచేయవలయును. సకాలమున బాగుచేయుచున్నచో 20 సంవత్సరములు నడువవలయును. ఏటేట మరమ్మతు ఖర్చు వెలలో నూటికి 5 వంతులు దాటరాదు. ఆ షరతులకు నిలిచిన యంత్రము రాలేదు, బహుమానము నెవరికిని దక్కలేదు. ఐనను యంత్రమును కొనువాడు అడుగవలసిన ప్రశ్న లేవో ఆ కాగితము దేశమునకు నేర్పినది. దాని సొగసును గూర్చి అందులో నొక్కమాటయు లేదు.

నేటి ల్యాప్‌టాప్‌ను ఇరువది యేండ్లు నడువుమనుట వెఱ్ఱితనము. నాలుగేండ్ల చదువు ముగియువఱకైన నడువవలయు ననుట న్యాయము. ఏబదివేల యంత్రమునకు ఏటికి 2,500 రూపాయలకు మించి మరమ్మతు తగలరాదనియు అనుకొందము. ఈ కొలతతో చూచినచో అంగడిలోని మిలమిలలు సగము రాలిపోవును. మిక్కిలి పలుచని యంత్రములలో పెక్కింటియందు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించివేయుచున్నారు. మూడవయేట చాలకపోయినచో పెంచుకొనుటకు వీలులేదు. చెడినచో బోర్డునే మార్చవలయును. కావున ర్యామ్, ఎస్‌.ఎస్‌.డి., బ్యాటరీ విప్పి మార్చుటకు వీలున్నదా, సూళ్లూరుపేటలోనో గూడూరులోనో మరమ్మతు చేయువాడు దానిని తెఱవగలడా, కీబోర్డు వేఱుగా దొరకునా, అని ముందుగా అడుగవలెను. కడలిగాలి తగులు ఊళ్లలో లోహపు మొనలు త్వరగా తుప్పుపట్టును. తెఱచి తుడుచుటకు వీలులేని యంత్రము మావంటి తీరవాసులకు మఱింత బరువు.

బి.ఏ., బి.కాం. చదువువారికి 8 జి.బి. ర్యామ్ గల సాధారణయంత్రము చాలును. ఇంజనీరింగువారికి 16 ఉండుట మేలు. ఆటలకొఱకు చేసిన బరువైన యంత్రమును చదువుపేరిట కొనిపించుకొను యువకులకు మేము చెప్పగలది లేదు; వారి తండ్రులకు మాత్రము చెప్పుచున్నాము.

ఇక చట్టముమాట. 1930 నాటి వస్తువిక్రయ చట్టములో 16వ సెక్షనును ప్రతి గృహస్థుడును ఎఱుగవలయును. కొనువాడు తన ప్రయోజనమును వర్తకునకు తెలిపి, అతని నైపుణ్యమును నమ్మి కొన్నచో, సరకు ఆ ప్రయోజనమునకు తగియుండవలెనను షరతును చట్టమే కల్పించుచున్నది. ఫలానా పేరుగల వస్తువే కావలెనని అడిగి కొన్నవానికి ఆ షరతు లేదని అందే మినహాయింపు కలదు. కావున అంగడిలో పేరు చెప్పకుడు, పని చెప్పుడు. "అయ్యా, మా అమ్మాయి ఇంజనీరింగులో చేరుచున్నది, నాలుగేండ్లు వాడవలెను, ఏది తగును?" అని యడుగుడు; ఆ మాటను బిల్లుమీద వ్రాయించుకొనుడు. వర్తకుడు మొగము చిట్లించినను పరవాలేదు. 2019 నాటి వినియోగదారుల చట్టమును బట్టి, సరకు చెన్నపట్టణమున కొన్నను, ఇంటర్నెట్టున తెప్పించుకొన్నను, కొనినవాడు తాను నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు చేసికొనవచ్చును.

స్వదేశి యంత్రము లేదా యని కొందఱు మిత్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. మా సరస్సున కావలనున్న శ్రీహరికోటనుండి యెగయు రాకెట్లలో మనవారు రూపొందించి చండీగఢ్ కడ తయారుచేసిన విక్రమ్ ప్రాసెసర్లు పనిచేసినవి. ఐనను మన బాలకుని ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసరు పరదేశపుదే. 2023 ఆగస్టులో దిగుమతులకు లైసెన్సు కావలెనని కేంద్రప్రభుత్వము హఠాత్తుగా శాసించి, కొలదిదినములకే వెనుకకు తగ్గినది. ఏబదియేండ్ల యజాగ్రత్తను ఒక్క నోటిఫికేషను కడిగివేయజాలదు. యంత్రములోని శిల మనది గాకున్నను, దానిలో నడచు ప్రోగ్రాములును భాషయు మనవి కావచ్చును. ఇది విద్యార్థి చేతిలోని పని.

దొంగప్రతి సాఫ్ట్‌వేరును వేయించుకొనుట మనవారికి తప్పుగానే తోచుటలేదు. అది దొంగతనము, పైగా వైరసులకు రాచబాట. లిబ్రెఆఫీసు ఉచితముగ లభించుచున్నది. లినక్సును హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగున పలికించిరి. విండోస్ 10నకు సాధారణసహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినందున మంచియంత్రములే పాతవస్తువుల అంగళ్లకు చేరుచున్నవి. బీదవిద్యార్థి నమ్మకమైనచోట అట్టిదానిని కొని లినక్సు వేసికొన్నచో సగము వెలకే పని గడచును. కళాశాలలో విండోస్ ప్రోగ్రామే తప్పనిసరియగునా యని మాత్రము ముందు తెలిసికొనవలెను.

యంత్రము ప్రయాణమునకు వారముదినములముందే సిద్ధము కావలెను. తెలుగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అందులోనే యుండును, మేలుకొలిపినచో చాలును. తల్లికి తెలుగున నాలుగుపంక్తులు వ్రాయజాలని పట్టభద్రులను మేము చూచుచున్నాము. ఇది యంత్రము లోపము గాదు. సర్టిఫికెట్ల ప్రతులు, వ్రాసికొన్న పాఠములు వేఱొక డిస్కులో నుంచి, దానిని ఇంట నుంచిపోవలెను. హాస్టలులో యంత్రము పోయిన రాత్రి పోలీసులు మొదట అడుగునది సీరియల్ నంబరు. అది మూతక్రింద అచ్చయియుండును, మూత యంత్రముతోనే పోవును; కావున నంబరును బిల్లునకలును తండ్రికడ నుండవలెను.

కళాశాలల ప్రిన్సిపాళ్లకు మా విన్నపమొకటి. ఏ కోర్సునకు ఎట్టి యంత్రము చాలునో, ఏ ప్రోగ్రాములు వాడింతురో, లేబొరేటరీ సాయంకాలములందు ఎన్నిగంటలు తెఱచియుండునో, ప్రవేశములకు ముందే తెలుగున ప్రకటింపుడు. ఫీజుల పట్టిక అచ్చగు కాగితముననే దానికిని నాలుగుపంక్తుల చోటు దొరకును.