అసలు గొడవ జూదం గురించి కాదు, పెత్తనం గురించి

అమెరికా ఆదివాసులు అనగానే 'వాళ్లకేం, క్యాసినోలున్నాయి' అంటారు కదా? అక్కడ గుర్తింపున్న తెగల్లో సగానికి పైగా తెగలకు క్యాసినోయే లేదు. ఉన్నవాళ్లకైనా అది ఎవరో దయతో ఇచ్చింది కాదు, కొట్లాడి తెచ్చుకున్నది.

కాలిఫోర్నియాలో కబజాన్ అనే చిన్న తెగ తన నేల మీద బింగో, పేకాట నడిపింది. రాష్ట్రం అడ్డుపడింది. బయట జూదాన్ని పూర్తిగా నిషేధించకుండా నడవనిస్తూ, తెగ నేల మీద మాత్రం రాష్ట్రం తన నిబంధనలు రుద్దడం కుదరదని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్లు తిరక్కుండానే ఏమైందో చూడండి. 1988లో కేంద్ర చట్టం వచ్చింది: క్యాసినో ఆటలు పెట్టాలంటే తెగ, రాష్ట్రంతో ఒప్పందం చేసుకోవాలి. రాష్ట్రం మొండికేస్తే కోర్టుకు పోవచ్చని అందులో రాశారు. 1996లో సెమినోల్ తెగ కేసులో ఆ దారి కూడా మూసుకుపోయింది. రాష్ట్రం ఒప్పుకోకపోతే దాని మీద దావా చెల్లదన్నారు.

2018 తర్వాత క్రీడా బెట్టింగ్‌కు తలుపులు తెరుచుకున్నాయి, కంపెనీలు దిగాయి. 2022లో కాలిఫోర్నియాలో ఆన్‌లైన్ బెట్టింగ్ కోసం అవి కోట్ల డాలర్లు కుమ్మరించాయి, 'ఇళ్లు లేని పేదల కోసం' అని ప్రచారం చేశాయి. చాలా తెగలు ఎదురు నిలిచాయి. ఓటర్లలో 80 శాతానికి పైగా వద్దన్నారు.

మనకు క్యాసినోలు కావాలని నేను అనడం లేదు. బెట్టింగ్ యాప్ ఇంటిని ఎట్లా ముంచుతుందో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఆట కాదు. 'మా నేల మీద ఏది ఉండాలో, ఏది ఉండొద్దో మేం చెప్తాం' అన్న పట్టుదల.

మనకూ ఆ బలం ఉంది. 1996 పెసా చట్టం సారా అమ్మకాన్ని ఆపే అధికారాన్ని, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకూ ఇవ్వాలంటుంది. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. కానీ గెలిచిన హక్కును తెల్లారేసరికి కత్తిరించేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభకు మీరు పోండి. తీర్మానం చదివి వినిపించమని అడగండి. అర్థం కాకుండా సంతకం పెట్టకండి.

మావ నాటే మావ రాజ్!