ముద్దాయికి వకీలు కావాలి

తెలుగు కోర్టు భాషలో సగం మన ఇంటి భాషే. వకీలు, అర్జీ, దావా, జామీను, ఫిర్యాదు, దస్తావేజు, రాజీ, హక్కు... స్కూలంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి కాబట్టి ఈ మాటలు ఎక్కడ విన్నా నాకు చుట్టాలు ఎదురైనట్టే ఉంటుంది. ఒక్క మాట మాత్రం ఈ భాష నుంచి ఆ భాషకు వచ్చే దారిలో తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఇన్సాఫ్ కావాలని అదాలత్ గడప ఎక్కినవాడు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు.

అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టుల వార్తలు డెస్కు మీద దిద్దుతున్నప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. నా దేశంలో ప్రాణానికి ఖత్రా ఉంది, పనాహ్ ఇవ్వండి అని అడగడానికి వచ్చినవాడు ముద్దయీ. అతన్ని డిటెన్షన్ సెంటర్‌లో పెట్టి, నిన్ను ఈ దేశంలో ఎందుకు ఉండనివ్వాలో నువ్వే నిరూపించుకో అంటే, అతను మన తెలుగు ముద్దాయి అయిపోతాడు. ఈ ముద్దాయికి వకీలు ఎవరు? ఆ వకీలు ఫీజు ఎవరిస్తారు? ఈ రెండు సవాళ్లూ మనవి కావని అనుకుంటున్న కుటుంబాల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు అక్కడి పద్ధతి చెప్తాను. జైలు శిక్ష పడే క్రిమినల్ కేసులో చిక్కిన గరీబుకి అమెరికాలో సర్కారే వకీలును పెట్టాలి. ఫ్లోరిడా జైల్లోంచి క్లారెన్స్ గిడియన్ అనే ఖైదీ పెన్సిల్‌తో రాసి పంపిన అర్జీ మీద 1963లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఫైసలా అది. మన దేశంలో 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో మన సుప్రీం కోర్టు కూడా దాదాపు అదే మాట చెప్పింది. కానీ ఇమ్మిగ్రేషన్ కేసు అక్కడ క్రిమినల్ కేసు కాదు, సివిల్ కేసు. కాబట్టి వకీలును పెట్టుకునే హక్కు ఉంది గానీ సర్కారు మీద పైసా ఖర్చు పడకూడదని చట్టమే చెప్తుంది. ఆ కోర్టు కూడా న్యాయశాఖ కింద నడిచేదే. జడ్జిని నియమించేది అటార్నీ జనరల్. అవతల సర్కారు తరఫున ఎప్పుడూ ఒక వకీలు ఉంటాడు. ఇవతల ఒక్కోసారి ఎవరూ ఉండరు. తల్లీదండ్రీ వెంట లేని చిన్న పిల్లలు కూడా ఒంటరిగా జడ్జి ముందు నిలబడిన కేసులున్నాయి.

దీని వల్ల ఎంత తేడా పడుతుందో లెక్కలున్నాయి. 2007 నుంచి 2012 దాకా నడిచిన 12 లక్షలకు పైగా డిపోర్టేషన్ కేసులను ఇద్దరు పరిశోధకులు వెతికి చూసి 2015లో అచ్చువేశారు. మొత్తం మీద 37 శాతం మందికే వకీలు దొరికాడు. ఖైదులో ఉన్నవాళ్లలో అయితే 14 శాతానికే. 2013లో న్యూయార్క్ నగరం ఒక తజుర్బా మొదలుపెట్టింది. లీగల్ ఎయిడ్ సొసైటీ, బ్రాంక్స్ డిఫెండర్స్, బ్రూక్లిన్ డిఫెండర్ సర్వీసెస్ అనే మూడు లాభాపేక్ష లేని సంస్థలకు నగరం డబ్బులిచ్చి, ఖైదులో ఉన్న గరీబు వలసదారులకు వకీళ్లను పెట్టించింది. అంతకుముందు ఆ కోర్టులో వకీలు లేకుండా గెలిచినవాళ్లు 4 శాతం. వకీళ్లు వచ్చాక ఆ సంఖ్య 48 శాతానికి చేరుతుందని వేరా ఇన్‌స్టిట్యూట్ అంచనా కట్టింది. కోర్టు అదే, చట్టం అదే. పక్కన ఒక మనిషి కూర్చున్నాడు, అంతే.

ఇప్పుడు మన ఇళ్లలో వినపడే మొదటి మాటకొస్తాను. "మావాడు కాగజ్‌లన్నీ పక్కాగా పెట్టుకుని వెళ్లాడు. దొంగదారిన సరిహద్దు దాటినవాళ్లతో మాకేం సంబంధం?" ఈ మాట అనే ఖాలాలు, మామూలు నాకు చాలామంది తెలుసు. వాళ్ల భరోసాను తక్కువ చేయను. కొడుకును పంపడానికి ఇల్లు కుదువపెట్టినవాళ్లకు ఆ భరోసాయే సహారా. కానీ కాగజ్ పక్కాగా ఉండడం ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూడండి.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అది వీసాల దుకాణమని తేలింది. అందులో పేరున్న విద్యార్థులు వెయ్యిమందికి పైనే, ఎక్కువమంది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. ఫీజులు కట్టి, వీసా మీద వెళ్లినవాళ్లలో కొందరి కాళ్లకు రేడియో కడియాలు తొడిగారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా ఘోరం. ఆ యూనివర్సిటీని నడిపిందే ఇమ్మిగ్రేషన్ పోలీసులు, వల వేయడానికి. మొదటి విడతలో 130 మంది విద్యార్థులను పట్టుకుంటే 129 మంది హిందుస్తానీలు, వాళ్లలో ఎంతోమంది తెలుగు పిల్లలు. అందులో కొందరికి అంతా తెలుసేమో, కొందరు నిజంగా మోసపోయారేమో. ఎవరు ఏమిటో తేల్చడానికే కదా అదాలత్ ఉన్నది, వకీలు ఉన్నది! పొద్దున విద్యార్థిగా లేచినవాడు సాయంత్రానికి గైర్‌కానూనీ మనిషైపోయాడు. ఆ రాత్రి అతనికి, మెక్సికో సరిహద్దు దాటివచ్చిన మజ్దూరుకి కావలసింది ఒక్కటే.

రెండో మాట మన ఇళ్లలో ఇంకా మెల్లగా, ఫోన్లలో వినపడుతుంది. కాలే లోగోం కా మొహల్లా, అటు వెళ్లకు బేటా. మన హైదరాబాద్‌లోనే ఏసీ గార్డ్స్ అని మొహల్లా ఉంది. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని హబ్షీ సిపాయిల పేరు. ఆ పక్కనే తరాలుగా బతికి కూడా మన నోట ఈ మాట పోలేదు. అమెరికా వెళ్లిన మన పిల్లలు ఈ సామాను కూడా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తున్నారు. కాబట్టి అక్కడ వాళ్లకు తోడుగా నిలిచే హక్కులను ఎవరు సంపాదించారో చెప్పాలి.

గులామీ పోయాక, 1868లో, నల్లవాళ్ల కోసం అమెరికా రాజ్యాంగంలో పద్నాలుగో సవరణ వచ్చింది. చట్టం అందరినీ సమానంగా కాపాడాలని దాని సారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో చీనీ ధోబీలు చెక్క ఇళ్లలో లాండ్రీలు నడుపుకునేవాళ్లు. ఊరి సర్కారు పర్మిట్ ఉండాలంది. దరఖాస్తు పెట్టుకున్న చీనీలు రెండొందల మంది, ఒక్కరికీ ఇవ్వలేదు. తెల్లవాళ్లు ఎనభై మంది పెట్టుకుంటే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చింది. ఆ ధోబీలు వాళ్ల జమాత్ తరఫున చందాలు వేసుకుని వకీళ్లను పెట్టుకున్నారు. 1886లో సుప్రీం కోర్టు వాళ్ల వైపు ఫైసలా ఇచ్చింది. పద్నాలుగో సవరణ కాపాడేది పౌరులను మాత్రమే కాదు, ఆ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషినీ అని చెప్పింది. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వీసా మీద ఉన్న మన పిల్లవాడికి చట్టం ముందు మనిషిగా గుర్తింపు ఉందంటే, గులాములుగా ఉన్న నల్లవాళ్ల ఖూన్, ఆ ధోబీల చందా అందులో కలిసి ఉన్నాయి.

ఇంకా దగ్గరి సంగతి. 1946 తర్వాత కూడా హిందుస్తాన్ నుంచి అమెరికాలో స్థిరపడడానికి ఏడాదికి వందమందికే కోటా. 1964లో నల్లవాళ్ల పోరాటంతో సివిల్ రైట్స్ చట్టం వచ్చింది. ఆ గాలిలోనే 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారింది, దేశాన్ని బట్టి మనిషికి వెలకట్టే కోటాలు పోయాయి. ఉస్మానియా నుంచి వెళ్లిన మన డాక్టర్లు ఆ తలుపులోంచే లోపలికి వెళ్లారు. షికాగో డెవాన్ అవెన్యూలో మనవాళ్లకు దొరికే హలీమ్ వెనక కూడా ఆ తలుపే ఉంది.

ముహమ్మద్ అలీ పేరు చెప్పగానే మన ఇళ్లలో అబ్బాల కళ్లు మెరుస్తాయి. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు 1967లో ఆయనకు అయిదేళ్ల ఖైదు వేశారు, బాక్సింగ్ లైసెన్సు లాక్కున్నారు. ఆయన తరఫున నిలబడిన వకీళ్లలో ఎన్ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్ వాళ్లున్నారు. 1940లో థుర్గూడ్ మార్షల్ మొదలుపెట్టిన సంస్థ, చందాలతో నడిచే సంస్థ. 1970లో కోర్టుకు వెళ్లి న్యూయార్క్‌లో ఆయన లైసెన్సు తిరిగి ఇప్పించారు. 1971లో సుప్రీం కోర్టు ఆయన శిక్ష కొట్టేసింది, ఎనిమిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద. అలీ మన హీరో సరే, మరి ఆ వకీళ్ల సంస్థ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

2001 తర్వాత మనకు తెలిసిన కాలం వచ్చింది. 2002లో పాతికదాకా దేశాల నుంచి వచ్చిన మగవాళ్లు దఫ్తర్‌కొచ్చి వేలిముద్రలు వేయాలని హుకుం. ఉత్తర కొరియా తప్ప అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. 80 వేల మందికి పైగా వెళ్లి పేరు రాయించుకున్నారు, 13 వేల మందికి పైగా డిపోర్టేషన్ కేసుల్లో చిక్కుకున్నారు. 2017 జనవరి 27న ఏడు ముస్లిం దేశాల మీద నిషేధం వచ్చింది. ఆ రాత్రి, మర్నాడు అమెరికా ఎయిర్‌పోర్టుల్లో వకీళ్లు నేల మీద కూర్చుని లాప్‌టాప్‌ల మీద అర్జీలు రాశారు. ఫీజు అడగలేదు, మజహబ్ అడగలేదు. ఏసీఎల్‌యూ, ఇంకొన్ని స్వచ్ఛంద సంస్థలు వేసిన దావాలో 28 రాత్రే బ్రూక్లిన్ జడ్జి స్టే ఇచ్చింది. ఆఖరికి 2018లో సుప్రీం కోర్టు అయిదుకు నలుగురి మెజారిటీతో మూడో రూపంలోని నిషేధాన్ని ఉంచింది, 2021లో కొత్త ప్రెసిడెంట్ తీసేశాడు. వకీళ్లు ప్రతిసారీ గెలవరు. కానీ ఆ మొదటి రాత్రి ఎయిర్‌పోర్టులో ఆగిపోయినవాళ్లకు ఆ స్టేయే జిందగీ.

సర్కారు డబ్బుతో నడిచే లీగల్ ఎయిడ్ లేదా అని అడుగుతారు. ఉంది. 1974లో లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు. కానీ కాగజ్ లేని వలసదారుల కేసులు చాలావరకు ముట్టుకోకూడదని దానికి షరతులున్నాయి. 1996 నుంచి ఆ నిధులు తీసుకునే సంస్థ బయటి చందాలతో కూడా అలాంటి కేసులు చేయకూడదు. 2025 మార్చిలో ఒంటరి పిల్లలకు వకీళ్లను పెట్టే సర్కారీ కాంట్రాక్టు ఆపేశారు. దాదాపు 26 వేలమంది పిల్లల కేసులు అందులో ఉన్నాయి. మళ్లీ స్వచ్ఛంద సంస్థలే కోర్టుకు వెళ్లి ఆ హుకుం మీద స్టే తెచ్చాయి. సర్కారు చేయి ఎప్పుడు వెనక్కి పోతుందో తెలియనప్పుడు మిగిలేది మామూలు మనుషుల చందాయే.

అందుకే అమెరికాలో ఉన్న మన ఖాందాన్లకు, వాళ్లతో వారానికోసారి ఫోన్లో మాట్లాడే ఇక్కడి అమ్మీ అబ్బాలకు నా మాట ఇది. మసీదుకు ఇవ్వండి, ఊళ్లో బోరింగు వేయించండి, యతీములను చదివించండి. అందులోంచి ఒక హిస్సా మీ ఊళ్లోని ఉచిత లీగల్ ఎయిడ్ సంస్థకు కూడా ఇవ్వండి. అది జకాత్ లెక్కలోకి వస్తుందా, సద్ఖా లెక్కలోకా అనేది ఆలిమ్‌లను అడగండి, అది నా పని కాదు. నాకు తెలిసిన సంగతి ఒకటే. మన రసూల్ నుబువ్వత్‌కు ముందే ఒక ఒప్పందంలో కూర్చున్నారు, హిల్ఫుల్ ఫుజూల్. యెమెన్ వైపు నుంచి సరుకు తెచ్చిన ఒక పర్దేసీని మక్కా పెద్దమనిషి ఒకడు పైసలివ్వకుండా ముంచాడు. ఆ పర్దేసీకి ఊళ్లో కబీలా లేదు, అడిగే దిక్కు లేదు. మజ్లూమ్ ఎవరైనా సరే వాడి వైపు నిలబడదామని కొందరు ఖసమ్ తిన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానని ఆయన చెప్పారు. కబీలా లేని పర్దేసీకి వకాలత్ చేయడం మనకు కొత్త పాఠం కాదు.

పైసలు లేనివాళ్లు జుబాన్ ఇవ్వొచ్చు. ఉర్దూ, దక్కనీ, తెలుగు, ఇంగ్లీషు నాలుగూ వచ్చిన పిల్లలు మన ఇళ్లలోనే ఉంటారు. తన కథను తన భాషలో చెప్పుకోలేక కేసు ఓడిపోయేవాడికి తర్జుమా చేసే మనిషి వకీలంత అవసరం. మొగుడి దెబ్బలు తిని, వీసా అతని చేతిలో ఉందని నోరు మూసుకున్న మన ఆడపిల్లలకు మరీ అవసరం. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి అనే సంస్థలు అలాంటి దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే పనిచేస్తున్నాయి. ఈ రెండు పేర్లూ బిడ్డను అత్తారింటికి పంపే ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

చివరగా, పిల్లలకు చెప్పాల్సిన కొన్ని మాటలు. చదవకుండా, వకీలుకు చూపించకుండా ఏ కాగజ్ మీదా దస్తఖత్ చేయకూడదు. ఒక వకీలు నంబరు ఫోన్లో మాత్రమే కాదు, నోటికి రావాలి. పనాహ్ అడగాలనుకునేవాడు వచ్చిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి, గడువు దాటితే చాలా కష్టం. నోటరీ బోర్డు పెట్టుకుని వీసా పని చేసిపెడతానన్నవాణ్ణి నమ్మొద్దు. అక్కడ నోటరీ అంటే దస్తఖత్‌కు గవాహీ మాత్రమే, వకీలు కాదు. గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థల్లో న్యాయశాఖ అనుమతి ఉన్న ప్రతినిధులుంటారు. వకీళ్లు కాకపోయినా కేసు నడిపే ఇజాజత్ వాళ్లకుంది, ఫీజు లేకుండానో నామమాత్రంగానో చేస్తారు.

ఈ మాటలు చెప్పడానికి ఆపద వచ్చేదాకా ఆగకండి. ఈ వారం ఫోన్ చేసినప్పుడు తిన్నావా బేటా అని అడిగాక ఇంకొక్కటి అడగండి. మీ ఊళ్లో గరీబులకు ఉచితంగా వకాలత్ చేసే సంస్థ ఏది, దానికి మనం ఏమిస్తున్నాం? జవాబు లేకపోతే కనుక్కోమనండి. తన కోసం కాకపోయినా, అతని పక్క గదిలో ఉండే ఏ దేశపువాడి కోసమైనా అది పనికొస్తుంది.