రెండు గీతల వెనక ఒక ముడి

బాత్రూమ్ గడియ పెట్టుకుని, చేతిలో స్ట్రిప్, ఫోన్‌లో టైమర్... ఆ ఐదు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఎదురుచూసినవాళ్లకే తెలుసు. ఒక్క గీత వస్తే ఒక కథ, రెండు వస్తే ఇంకో కథ. కొందరికి సంబరం, కొందరికి గుబులు. సరే, ఆ రెండో గీత గీసేది ఎవరు?

దాని పేరు హెచ్‌సీజీ. పిండం గర్భసంచికి అతుక్కునే వేళ, తర్వాత మాయగా మారబోయే కణాలు ఈ హార్మోన్‌ను వదులుతాయి. అది రక్తంలో కలిసి అండాశయం దాకా వెళ్లి ‘నేనొచ్చేశా, ఈ నెల పీరియడ్స్ ఆపు’ అని చెబుతుంది. అండాశయం ప్రొజెస్టరాన్ తయారీ కొనసాగిస్తుంది. గర్భం నిలబడుతుంది. అందులో కొంత మూత్రంలోకి వస్తుంది కాబట్టే కిట్‌కి దొరికిపోతుంది.

ఇంటిపేరు ఒకటే!

హెచ్‌సీజీకి ముగ్గురు తోబుట్టువులున్నారు. థైరాయిడ్‌ని నడిపించే టీఎస్‌హెచ్, అండాన్ని ఎదిగించే ఎఫ్‌ఎస్‌హెచ్, దాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్. ఈ మూడూ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో తయారవుతాయి. అబ్బాయిలూ, మీకు సంబంధం లేదనుకోకండి. మీ టెస్టోస్టిరాన్, వీర్యకణాల లెక్క చూసేది కూడా ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లే.

నాలుగూ గ్లైకోప్రొటీన్లు. అంటే ఒంటికి చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రొటీన్లు. ఒక్కోదాంట్లో ఆల్ఫా, బీటా అని రెండు ముక్కలుంటాయి. తమాషా ఏంటంటే, ఆల్ఫా ముక్క అమైనో ఆమ్లాల వరుస నాలుగింటిలోనూ ఒకటే. 92 అమైనో ఆమ్లాలు, ఒక్కటి కూడా తేడా లేదు. ఎవరు ఎవరో చెప్పేది బీటా ముక్కే. ఇంటిపేరు ఒకటే, పేర్లు వేరు అన్నమాట.

మూడు బంధాలతో ముడి

ప్రొటీన్ అంటే పొడవాటి దారం లాంటిది. కణం బయటికొచ్చి రక్తంలో తిరగాలంటే దాని ఆకారం చెదరకూడదు. అందుకే ప్రకృతి దానికో ముడి వేసింది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం ఉంటుంది. రెండు సిస్టీన్లు దగ్గరికొస్తే వాటి గంధకాలు చేయీ చేయీ కలిపేస్తాయి. అలాంటి రెండు బంధాలు కలిసి ఉంగరంలా ఏర్పడితే, మూడో బంధం ఆ ఉంగరం మధ్యలోంచి దూరి వెళ్తుంది. దీన్నే సిస్టీన్ ముడి అంటారు. మన పెళ్లిలో మూడు ముళ్లు పడితే బంధం. ఇక్కడ మూడు బంధాలు పడితే ముడి!

1994లో హెచ్‌సీజీ స్ఫటికాలను ఎక్స్‌రేలతో పరిశీలించినప్పుడు ఆల్ఫా, బీటా రెండింటిలోనూ ఈ ముడి కనిపించింది. పైగా బీటాలోని ఒక భాగం ఆల్ఫా చుట్టూ తిరిగొచ్చి లాక్ అయిపోతుంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు ‘సీట్‌బెల్ట్’. ఇదే తరహా ముడి అంతకుముందే నరాలను ఎదిగించే ఎన్‌జీఎఫ్‌లో బయటపడింది. రీటా లెవీ-మోంతాల్చినీకి 1986లో నోబెల్ తెచ్చిన ప్రొటీన్ అది. అంతెందుకు, కొత్తగా బయటికొచ్చిన ఈగ రెక్కలు విప్పుకోవడానికి, ఒంటి పైపొర గట్టిపడడానికి సాయపడే బర్సికాన్ హార్మోన్‌లోనూ ఈ ముడే ఉంది.

పోలికతో వచ్చిన తంటా

హెచ్‌సీజీ, ఎల్‌హెచ్ మరీ కవలల్లా ఉంటాయి. ఒకే రిసెప్టర్‌కి అతుక్కుంటాయి కూడా. దాంతో పాత పరీక్షలకు ఈ రెంటినీ విడదీయడం కష్టమయ్యేది. 1972లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రాన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ హెచ్‌సీజీ బీటా ముక్కను పట్టుకునే పరీక్ష తెచ్చారు. ఇంటిపేరు వదిలేసి పేరు చూడమన్నారంతే. ల్యాబ్ రిపోర్టులో ‘బీటా హెచ్‌సీజీ’ అని ఉండేది అందుకే.

మన రిపోర్టుల్లో ఈ చుట్టరికం

మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ తక్కువగా వచ్చిందా? హెచ్‌సీజీ బాగా పెరిగే ఆ రోజుల్లో అది థైరాయిడ్‌ని కూడా కాస్త తడుతుంది. దాంతో టీఎస్‌హెచ్ తగ్గుతుంది. చాలామందిలో ఇది తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. అలాగని జబ్బేమీ లేదని మీరే తేల్చేయొద్దు. టీ4 కూడా చూసి డాక్టర్ చెప్పాలి. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవాళ్లు సొంతంగా ఆపితే ప్రమాదం. గర్భంతో ఉన్నప్పుడు సాధారణంగా ఆ డోసు పెంచాల్సి వస్తుంది.

సంతానం కోసం చికిత్సలో ఉన్నారా? అండం విడుదలకి ఇచ్చే ఇంజెక్షన్ చాలాసార్లు హెచ్‌సీజీయే. అది ఒంట్లో కొన్ని రోజులు ఉంటుంది. తొందరపడి టెస్ట్ చేస్తే రెండో గీత ఇంజెక్షన్‌దే కావచ్చు. ఆ గీత చూసి ఇంట్లో అందరికీ చెప్పేసి, తర్వాత కుమిలిపోయే బాధ ఎందుకు? డాక్టర్ చెప్పిన రోజు దాకా ఆగండి.

ఇక అబ్బాయిల సంగతి. కొన్ని వృషణాల కణితులు కూడా హెచ్‌సీజీ తయారు చేస్తాయి. అందుకే ఎప్పుడైనా మగవాళ్లకీ ఈ టెస్ట్ పాజిటివ్ వస్తుంది. కానీ అన్ని కణితులూ దీన్ని తయారు చేయవు. కాబట్టి స్ట్రిప్‌ని నమ్ముకోవద్దు. గడ్డలా తగిలితే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చూపించండి. జిమ్‌లో ఎవరైనా ‘హెచ్‌సీజీ వేసుకో, బరువు తగ్గుతావ్’ అంటే ఓ దండం పెట్టేయండి. దాంతో బరువు తగ్గుతారన్న రుజువు లేదని అమెరికా ఎఫ్‌డీఏ ఎప్పుడో చెప్పింది. పోటీల్లో పాల్గొనే మగ క్రీడాకారులకైతే అది నిషిద్ధం కూడా.

మీ ఫ్రెండ్ ఎవరైనా రిపోర్టు ఫొటో పంపి ‘ఇదేంటే, నాకేమైనా అయిందా?’ అని అడిగితే, ముందు ఈ చుట్టరికం చెప్పి కాస్త ధైర్యం ఇవ్వండి. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.