కూటి కొరకు పరుగు, పరుగుకు తగిన కూడు

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు మన పెద్దలు. ఆ కోటి విద్యలలో నేడు పరుగు కూడా ఒకటిగా చేరింది. తెల్లవారుజామున ఏ జిల్లా కేంద్రంలోని మైదానానికి వెళ్ళి చూచినా, మసక వెలుతురులో చుట్లు తిరుగుతున్న యువతీయువకులు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. వారిలో ఆరోగ్యం కొరకు పరుగెత్తేవారు కొందరైతే, ఉద్యోగం కొరకు పరుగెత్తేవారు మరెందరో. 2022లో తెలంగాణలో వెలువడిన కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తి చేయవలసి వచ్చింది. పుస్తకాల ముందు ఏళ్ళ తరబడి చేసిన తపస్సు ఆ కొద్ది నిమిషాలలో ఫలించనూవచ్చు, భగ్నమూ కావచ్చు.

ఇంతటి పరుగుకు సిద్ధమయ్యే విద్యార్థి ఏమి తింటున్నాడు, ఎప్పుడు తింటున్నాడు అన్న ప్రశ్నను మాత్రం మనం అడగడం లేదు. రాత్రి 8 గంటలకు భోజనం ముగించి, మరునాడు 8:30కి గాని ఉపాహారం వడ్డించని వసతిగృహాన్ని ఊహించండి. ఆ రెంటి నడుమ పన్నెండున్నర గంటల ఎడం. ఆ ఎడంలోనే విద్యార్థి 5 గంటలకు మైదానం చేరి గంటసేపు చెమటోడుస్తాడు. కూటి కొరకు పరుగెత్తేవాడు కూడు లేక పరుగెత్తడం విచారించదగిన విషయం కాదా?

ఈ సందర్భంలో మన మైదానాలలో రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఖాళీ కడుపుతో పరుగెత్తితేనే కొవ్వు కరిగి ఒళ్ళు తేలికవుతుందని ఒక పక్షం. కడుపు నిండా తిన్నవాడికే బలమని రెండవ పక్షం. రెండింటిలోను కొంత సత్యం లేకపోలేదు. అయితే రెండూ అర్ధసత్యాలేనని నా అభిప్రాయం. అసలు సంగతి తెలియాలంటే శరీరంలోని శక్తి ఎక్కడ నిలువ ఉంటుందో చూడాలి.

మనం తిన్న అన్నం, రొట్టె గ్లూకోజుగా మారి, అందులో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో నిలువ అవుతుంది. కండరాలలో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు ఈ నిలువ ఉంటుంది. కండరం తన నిలువను తానే వాడుకుంటుంది గాని ఇతర అవయవాలకు పంచదు. కాలేయం అట్లా కాదు. మనం నిద్రించే వేళ కూడా మెదడుకు, తక్కిన అవయవాలకు గ్లూకోజును సరఫరా చేస్తూనే ఉంటుంది. అందువల్ల తెల్లవారేసరికి కాళ్ళలో శక్తి ఉన్నా, కాలేయపు కొట్టు చాలావరకు ఖాళీ అవుతుంది. పరిగడుపున వేగంగా పరుగెత్తిన కొందరికి కళ్ళు తిరగడానికి, కాళ్ళు వణకడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కొవ్వు సంగతి ఏమిటని అడగవచ్చు. పరిగడుపు పరుగులో కొవ్వు కొంత హెచ్చుగా ఖర్చవుతుందన్నది నిజమే. కాని బరువు తగ్గడం ఆ ఒక్క గంట మీద గాక, దినమంతా తిన్నదానికి, ఖర్చు చేసినదానికి మధ్య తేడా మీద ఆధారపడుతుంది. పైగా ఉద్యోగార్థికి కావలసింది వేగం. వేగానికి తొలి ఇంధనం పిండిపదార్థమే.

అట్లాగని పరుగుకు ముందు ఇడ్లీల పళ్ళెం ముందు కూర్చోవడం కూడా తగదు. పరుగు వేళ రక్తం కాళ్ళ కండరాల వైపు మళ్ళుతుంది. జీర్ణకోశానికి చేరేది తగ్గుతుంది. అప్పుడు కడుపులో ఉన్న బరువైన ఆహారం అరగక వికారము, పట్టివేత కలిగిస్తుంది. పూర్తి ఉపాహారానికి, పరుగుకు నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి. తెల్లవారుజామున అది సాధ్యం కాదు గనుక కొంచెంతోనే సరిపెట్టుకోవాలి. 60 కిలోల బరువున్న యువకుడు ఒక కిలోమీటరు పరుగెత్తితే సుమారు 60 కిలోకాలరీలు ఖర్చవుతాయి. ఒక మోస్తరు అరటిపండు సుమారు 100 కిలోకాలరీలు ఇస్తుంది. అంటే 1600 మీటర్లకు కావలసిన శక్తి ఒక్క అరటిపండులో ఉన్నది!

కనుక నేను సూచించే క్రమం ఇది. నిదానంగా అరగంట లోపు పరుగెత్తేవారికి, రాత్రి సరిగా భుజించి ఉంటే, ఒక గ్లాసు నీరు చాలు. వేగాభ్యాసం చేసేవారు, గంటకు పైగా శ్రమించేవారు పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండో, రెండు మూడు ఖర్జూరాలో, చిన్న బెల్లం ముక్కో తీసుకోవాలి. పూరీ, వడ, నూనె పదార్థాలు, పప్పుదినుసులు అప్పుడు వద్దు. అవి కడుపులో చాలాసేపు నిలుస్తాయి. మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి నడచుకోవాలి.

పరుగు యొక్క మొదటి ముద్ద ముందటి రాత్రే పడుతుందని మరువరాదు. అన్నమో, జొన్నరొట్టెయో, పప్పు, కూర, పెరుగుతో 8 గంటల లోపున తిన్న భోజనమే మరునాటి ఉదయానికి ఆధారం. రాత్రి పదకొండు గంటలకు దావతులో బిర్యానీ ఆరగించి, అయిదు గంటలకు మైదానంలో నిలిచినవాడికి కడుపులో ఇంకా పెండ్లి జరుగుతూనే ఉంటుంది!

కెన్యా వీరులు పరిగడుపున పరుగెత్తడం లేదా అని కొందరు వాదిస్తారు. ఆ దేశపు అగ్రశ్రేణి పరుగువీరులు పదిమంది ఆహారాన్ని వారం రోజులు పరిశీలించి 2004లో ప్రకటించిన వివరాలు ఈ వాదానికి సమాధానం. వారు ఉదయపు పరుగును అల్పాహారానికి ముందే చేసేవారన్నది నిజమే. కాని వారు పొందే శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు పిండిపదార్థాల నుండే వచ్చేది. మొక్కజొన్న పిండితో వండే ఉగాలి వారి ముఖ్యాహారం; మన సంకటికి అది దూరపు చుట్టమనవచ్చు. ముందటి సాయంత్రం తృప్తిగా తినేవారు, పరుగు ముగిసిన కొద్దిసేపటికే మళ్ళీ తినేవారు. మనవారు వారి ఖాళీ కడుపును అనుకరిస్తున్నారు గాని, వారి నిండు పళ్ళేన్ని అనుకరించడం లేదు.

పరుగు తరువాతి ఆహారం ముందరి దానికన్న ముఖ్యమని నా దృఢవిశ్వాసం. శ్రమించిన కండరాలు తమ నిలువను తిరిగి నింపుకోవడానికి తొలి రెండు గంటలలో మిక్కిలి చురుకుగా ఉంటాయి. సాయంత్రం మరల సాధన చేసేవారికి ఇది మరీ అవసరం. కాబట్టి గంట లోపున పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ అందాలి. ఇడ్లీ సాంబారు, పెసరట్టు, జొన్నరొట్టెతో గుడ్డు, నానిన శనగలు, పల్లీ పట్టీ, వీటిలో ఏదైనా మేలే. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పల్లీలలో సుమారు 25 గ్రాములు మాంసకృత్తులు ఉంటాయి. ఇక ఉప్పు వేసిన మజ్జిగతో చద్దన్నం చెమటలో పోయిన నీటిని, లవణాన్ని కూడా తిరిగి ఇస్తుంది. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఇక్కడ చద్దిమూటే పెద్దల మాట. ఇవి దొరికే చోట ఖరీదైన పొడి డబ్బాల కొరకు పేద తండ్రి అప్పు చేయవలసిన పని లేదు.

విద్యార్థినుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రక్తంలో హిమోగ్లోబిన్ లేనిదే ప్రాణవాయువు కండరాలకు చేరదు. ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గని అమ్మాయిని సోమరి అనడానికి ముందు రక్తపరీక్ష చేయించాలి. ఆకుకూరలు, సజ్జలు, మాంసం తినాలి. భోజనంలో నిమ్మరసం పిండుకోవాలి. తిన్న వెంటనే తేనీరు త్రాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.

ఏది తినాలన్నదానితో పాటు ఎప్పుడు తినాలన్నది ఎంత ముఖ్యమో రంజాన్ నెల మనకు స్పష్టంగా బోధిస్తుంది. సహరీ తరువాత తెల్లవారి తీవ్రంగా పరుగెత్తితే, చెమటలో పోయిన నీరు సూర్యాస్తమయం దాకా తిరిగి రాదు. కనుక ఉపవాసులు ఆ నెలలో ఉదయపు పరుగును విడిచి, ఇఫ్తార్‌కు కొంచెం ముందు నిదానంగా గాని, మితంగా ఇఫ్తార్ చేసిన గంట రెండు గంటల తరువాత గాని సాధన చేయడం మేలు. సహరీలో గోధుమరొట్టె, గుడ్డు, పెరుగు వంటి నిదానంగా అరిగే ఆహారం తీసుకోవాలి.

2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపిక కొరకు జరిగిన 10 కిలోమీటర్ల పరుగుల సందర్భంలో పదిమందికి పైగా అభ్యర్థులు మరణించారు. ఆ మరణాలకు ఆకలే కారణమని నేను అనను. అట్లా అనడం అన్యాయమవుతుంది. అయితే సెప్టెంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వం పరీక్షలను కొన్ని దినాలు నిలిపి, ఉదయం 9 గంటల తరువాత పరుగు పెట్టరాదనీ, అభ్యర్థులకు అల్పాహారం, పండ్లు ఏర్పాటు చేయాలనీ నిర్ణయించింది. పరుగెత్తేవాడి వేళను, కడుపును పట్టించుకోవడం నిర్వాహకుల బాధ్యత అని అంగీకరించడానికి అంతమంది బిడ్డలు పోవలసి వచ్చింది.

ఆ బాధ్యత కళాశాలలది కూడా. పరుగుకు వెళ్ళే విద్యార్థుల జాబితా ఒకటి సిద్ధం చేసి, రాత్రే ఒక్కొక్కరికి ఒక అరటిపండు ఇవ్వడం, వారికి మాత్రం ఉపాహారం 7 గంటలకు వడ్డించడం, సంవత్సరానికి రెండుసార్లు రక్తపరీక్ష చేయించడం, ఈ మూడూ ఏ యాజమాన్యానికీ భారం కావు. మన విద్యార్థికి ఓడిపోయే హక్కు ఉన్నది. తనకన్న వేగవంతుని చేతిలో ఓడిపోతే అందులో అవమానం లేదు. కాని ఒక అరటిపండు చేతికందక ఓడిపోతే ఆ ఓటమి అతనిది కాదు, మనది.