తెరమీది ఆట



పిల్లలు వీడియో ఆట లాడుచుండగా మనలో పెక్కురు "ఇక చాలించుడు, కన్నులు పాడగును" అని కేకవేయుదురు. ఆ యాటయంత్రమును తాము చేతబట్టి చూచినవారు మాత్రము అరుదు. నాకు ఈ వేసవిలో అది తప్పలేదు. సెలవులకు వచ్చిన మా మేనకోడలు యంత్రమును నా యొడిలో నుంచి, "ఒక్కసారి ఆడి చూడండి అత్తయ్యా" యని పట్టుపట్టినది. "ఈ వయసులో నాకెందుకే" యన్నను విడువలేదు.

నాకు ఆటయందలి విముఖత కంటె, పదుమూడేండ్ల పిల్ల యెదుట చేతకానిదాన నగుదునేమో యను సంకోచమే యెక్కువ. మన యిండ్లలో పెద్దలు నేర్పుట యున్నది కాని, పిన్నలయొద్ద నేర్చుకొనుట యలవాటు లేదు.

ఆమె యెన్నుకొన్నది 1985లో జపానుదేశమున నింటెండో కంపెనీవారు వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్. దానిని కల్పించినవారిలో ముఖ్యుడు షిగెరు మియామొటో. మీసముల మనుష్యు డొకడు తెర యెడమప్రక్కన నిలిచి కుడివైపునకు చూచుచుండును. ఆ వైపంతయు ఖాళీయే. ఎటు నడువవలెనో యెవ్వరును చెప్ప నక్కఱలేదు. కొలది యడుగులు వేయగనే గోధుమవన్నె జీవి యొకటి యెదురువచ్చును. తాకినచో మనవాడు చచ్చును. నాకు వరుసగా మూడుమారు లట్లే యయినది. ఉన్న ప్రాణములు మూడే కనుక ఆట ముగిసినది. మేనకోడలు నవ్వు నాపుకొన జూచినది కాని సాగలేదు.

అయితే ఆ చావే మొదటి పాఠము. ఆట మరల ఆరంభమగును. ఈమారు ఎగిరి దాని నెత్తిపై త్రొక్కుదుము. ప్రశ్నచిహ్నము గల పెట్టెను క్రిందినుండి తలతో పొడిచిన పుట్టగొడుగు వెలువడి, కుడివైపునకు జారి, గొట్టమునకు తగిలి, మరలి మనవైపే వచ్చును. శత్రువని భయపడి తొలగబోయినను తొలగుట కష్టము. తగులగనే మనవాడు పెద్దవా డగును! మేలేదో కీడేదో ఒక్క మాటయైన లేకుండ ఇట్లు బోధపడును. క్రొత్తవారు తమంతట తాము నేర్చుకొనుటకే మొదటి మజిలీ నట్లు కూర్చితిమని మియామొటో తరువాతి కాలమున వివరించియున్నాడు. నాకు లెక్కలు చెప్పిన పంతులుగారికి ఇంత యోపిక లేకుండెను.

కష్టమంతయు చేతులది. ఒక బొటనవ్రేలు నడకను, రెండవది పరుగును, ఎగురుటను ఏకకాలమున నడుపవలెను. కుట్టుమిషను నేర్చిన దినములు తలచుకొనుడు. కాలు త్రొక్కిన చేయి నిలిచిపోవును. మొదటి మజిలీ చివర జెండాకంబము నందుకొనుటకు నాకు ఎనిమిది దినములు పట్టినది. బొమ్మ యెగురునప్పుడెల్ల యంత్రమునుగూడ నేను పైకెత్తుచుంటినట. ఆ వార్త వీథియంతయు వ్యాపించినది.

పరుగులు సరిపడనివారికి టెట్రిస్ కలదు. 1984లో మాస్కోనగరమున అలెక్సీ పజిత్నోవ్ దీనిని కల్పించెను. నాలుగేసి చదరములతో నేర్పడిన ఏడు విధముల ముక్కలు పైనుండి దిగుచుండును. త్రిప్పి సందులేకుండ పేర్చవలెను. నిండిన వరుస మాయమగును. మొదట నెమ్మది, పోనుపోను వేగము. చిన్న అలమారలో పండుగసామా నంతయు సర్దగలవారికి ఇందు క్రొత్త యేమున్నది? చూచిపోదమని వచ్చిన మా వదిన, ఆ పిల్ల తల్లియే, మొదటి సాయంకాలమే కూతురి లెక్కను దాటినది. ఆ రాత్రి వంట యాలస్యమైనను ఎవరును నోరు మెదపలేదు.

చేతిఫోనులో ఉచితమని వచ్చు ఆటలు కొన్ని నడుమ నాపి రూకలడుగును. రహస్యసంకేతము లేనిదే కొనుగోలు జరుగకుండ ముందే యమర్చుకొనవలెను. పందెము కాయు ఆటలు వేఱు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను వానిపై చట్టములు సవరించినవి. 2025లో పార్లమెంటు ధనమొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టము చేసినది. ఆ జూదమును, పిల్లల యాటను ఒకే గాటను కట్టి అదలించుట న్యాయము కాదు.

మొదలుపెట్టగోరువారు ముందుగా ఆట నాపు మీట యెక్కడ నున్నదో పిల్లల నడిగి తెలిసికొనుడు. పొయ్యిమీద పాలున్నప్పుడు తక్కిన మీట లన్నిటికంటె అదియే ముఖ్యము.