కొబ్బరి పొట్టు నారునకు నీరెప్పుడు పోయవలెను?

పునర్వసు, పుష్యమి కార్తెలు వచ్చినవనగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో మిరప నారు మాట తప్ప వేరు మాట వినబడదు. వెనుక మన రైతులు ఎత్తు మడులపై విత్తనము చల్లి నారు పెంచుకొనెడివారు. ఇప్పుడు సంకర జాతి విత్తనముల వెల మిక్కిలి హెచ్చినందున, ఒక్క గింజయు వ్యర్థము కారాదని, షేడ్‌నెట్ నీడలో ప్రోట్రేలు పరచి, వానిలో కొబ్బరి పొట్టు నింపి, గుంట కొక గింజ చొప్పున వేయుచున్నారు. పద్ధతి మంచిదే. మేమును దానిని మెచ్చి పలు గ్రామములలో చేసి చూపినవారమే. కాని యీ నారు మట్టిలో పెరుగుట లేదను సంగతిని నీరు పోయువారు తరచుగా మరచుచున్నారు. దినమునకు ఎన్నిసార్లు పోయవలెనని మమ్ము అడుగని రైతు లేడు. గడియారమును చూచి నీరు పోయుటకంటె పోయకుండుటయే మేలని మా యభిప్రాయము.

ఈ విషయమున మన సభ్యులలో రెండు పక్షము లున్నవి. పొట్టు తేలికది, ఇట్టే యెండిపోవును గనుక మూడు పూటల పోయవలెనని ఒక పక్షము. పొట్టు తన బరువునకు ఎనిమిది తొమ్మిది రెట్ల నీటిని పట్టి యుంచును గనుక రెండు దినముల కొకసారి చాలునని రెండవ పక్షము. ఇరువురును చూచినదే చెప్పుచున్నారు. ఎండకు పైపొర లేత గోధుమ రంగునకు తిరిగి, చేతికి పొడిపొడిగా తగులును. ఆ సమయముననే అడుగు భాగము పిండిన నీరు కారునంత తడిగా నుండును. పైరంగును నమ్మి నీరు పోసిన వారి నారు అడుగున కుళ్లుచుండును.

అడుగున తడి నిలుచుటకు కారణము మన రైతులకు ఒక చిన్న పరీక్షచే చూపుచుందుము. స్నానమునకు వాడెడి పలక వంటి స్పాంజి నొకదానిని నీట ముంచి, వెడల్పుగా అరచేతిపై పరుండబెట్టవలెను. నీరు కారి కారి నిలిచిపోవును. ఇక కారదని తోచినప్పుడు దానిని నిలువుగా ఎత్తి పట్టుకొనుడు. మరల నీరు ధారగా కారును. స్పాంజి అదే, నీరు అదే, మారినది ఎత్తు మాత్రమే. పొట్టును అట్టిదే. ఏ పాత్రలో నింపినను అడుగున కొంత ఎత్తువరకు తడి వీడక నిలుచును. అడుగు లోతు గల కుండీలో అది పాత్ర యడుగున కొద్ది భాగమే. ప్రోట్రే గుంటకు రెండంగుళముల లోతైనను లేదు గనుక ఆ తడి గుంటలో సగమునకు పైగా ఆక్రమించును. వేరునకు నీటితోపాటు గాలియు కావలెను గదా! పెరటిలో కుండీ పెంచిన అనుభవముతో ట్రేకు నీరు పోయువారు ఈ భేదమును గమనింపవలెను.

కావున మేము చెప్పునది ట్రేను ఎత్తి చూడుమని. నీరు పోసి, అడుగు రంధ్రముల నుండి కారుట ఆగిన పిదప ఒక ట్రేను రెండు చేతుల నెత్తి ఆ బరువును చేతికి పరిచయము చేసికొనవలెను. మరునాడు మరల ఎత్తవలెను. బరువు సుమారు సగమునకు దిగినప్పుడే నీరు. మూడు నాలుగు దినములలో చేతికి తెలివి వచ్చును. అంచున నున్న ట్రేలు గాలికి ముందుగా ఎండును. నడుమ నున్నవి ఆలస్యముగా ఎండును. అన్నిటిని ఒకే తీరున తడుపుట తగదు.

విత్తిన తొలి దినములలో నీటి పనియే లేదు. పొట్టును ముందే చక్కగా నానబెట్టి నింపినచో, ట్రేలను పదేసి చొప్పున ఒకదానిపై నొకటి పేర్చి పాలిథీను కప్పినంతనే ఆ తడి మొలక వచ్చు వరకు చాలును. మొలక తలయెత్తగానే దించి పరచవలెను. ఒక దినము జాగుచేసినను మొలకలు తెల్లగా సాగి పడిపోవును. పిదప రెండు ఆకులు విచ్చువరకు ఉదయము ఒక్కసారి, సన్నని రోజ్‌క్యానుతో పలుచగా. వేళ్లు పొట్టును అల్లుకొని గుంట నిండిన తరువాత నారు త్వరత్వరగా త్రాగును. ఎండ తీవ్రమైన దినమున రెండుసార్లు, ఒక్కొక్కప్పుడు మూడవసారి కూడ అవసర పడవచ్చును. ముసురు పట్టిన దినమున అసలే వలదు. సాయంకాలము పోసినచో ఆకులు రాత్రియంతయు తడిగా నుండును. మొదలు కుళ్లి నారు తలవాల్చు తెగులునకు అది పిలిచి పెట్టిన విందు. నాటుటకు వారము ముందు నీరు తగ్గించి నారును గట్టిపరచవలెను గాని వాడిపోనీయరాదు. నాటు దినమున మాత్రము నిండుగా తడిపినచో వేరుముద్ద చెదరక గుంటనుండి ఊడి వచ్చును.

ఒక నర్సరీలో సగము నారు పడిపోగా చూడబోయితిమి. నీరు పోయు ముసలాయనను ఎప్పుడెప్పుడు పోయుచున్నావని అడుగగా, "పొద్దుగాల ఒకపారి, పొద్దుమీకి ఒకపారి పోస్తున్న సారూ, వాన పడ్డా ఆపలే" అని గర్వముగా చెప్పెను. ఆయన తప్పేమియు లేదు. యజమాని చెప్పినదే చేసెను. యజమానియో విత్తనము నాసిరకమని దుకాణదారుతో తగవులాడుచుండెను. 1967 లో నాగార్జునసాగర్ నుండి కాలువలకు నీరు వదలిన నాటి నుండి ఎడమ కాలువ క్రింద మనవారు రెండు తరములుగా వరిని పండించుచున్నారు. మడిలో నీరు నిలిచియుండుట చూచినగాని వరి రైతు మనసు కుదుటపడదు. ఆ చేయియే ట్రే మీదికిని వచ్చుచున్నది.

నీరెంతయను దానితోపాటు ఎట్టి నీరనునదియు విచారింపవలెను. కొబ్బరి పీచును సముద్ర తీరపు ఉప్పునీటిలో నానబెట్టుట కలదు గనుక పొట్టు ఉప్పును మోసుకొని రావచ్చును. మంచి నీటితో రెండు మూడుసార్లు కడిగినచో విడిగా నున్న ఉప్పు పోవును. పొట్టును అంటుకొనియున్న సోడియము, పొటాసియములు సున్నపు ధాతువు వచ్చి త్రోసినగాని కదలవు. అందుకే మేలైన వ్యాపారులు కాల్షియం నైట్రేటు నీటిలో నానబెట్టిన పొట్టును అమ్ముదురు. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు సంగతి లోకమెరిగినదే. ఫ్లోరైడు హెచ్చుగా నున్న బోరు నీటిలో సాధారణముగా సోడియము హెచ్చు, కాల్షియము తక్కువ. అట్టి నీటిని కొంచెము కొంచెముగా ప్రతిదినము చల్లినచో నీరు ఆవిరియై ఉప్పు గుంటలో మిగులును. ఆకు కొసలు మాడును. దాహమని తలచి రైతు మరికొంత పోయును. పటిక, సున్నము వేసి ఫ్లోరైడును తీయు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి గాని, దానితో సోడియము పోదు. బోరు నీరే గతియైనవారు పోసినప్పుడెల్ల అడుగున కొంచెము కారునట్లు పోయుట, వీలున్నచో కాలువ నీటినో, రేకుల కప్పుమీది వాన నీటినో వాడుట మేలు.

పొట్టులో ఆహారము లేదనియు మరువరాదు. పండ్రెండవ దినమునను, ఇరువదవ దినమునను లీటరుకు 3 గ్రాముల చొప్పున 19-19-19 ఎరువు కలిపి చల్లినచో పసుపుదనము పోవును. ఆకలిని దాహమని భ్రమపడుట వలన పాడైన నారు తక్కువ కాదు.

కాలువ నీరు ఆలస్యమైన యేడు చిక్కు మరియు పెరుగును. నాటవలసిన నారు గుంటలోనే ముదిరి, వేళ్లు చుట్టుకొని, ఎత్తిచూచిన పూటకే తేలికయగును. అదను తప్పిన పిదప మరల విత్తనము కొనుటకు చిన్న రైతుకు శక్తి యుండదు. అప్పునకు మరల మన సంఘమునకే వచ్చును. ఈ నష్టములో సంఘమునకును పాలున్నది గనుక మేము కోరునది పెద్దది కాదు. నీటిలోని ఉప్పును కొలుచు చిన్న ఈ.సీ. మీటరు నొకదానిని సంఘము కొని కార్యాలయములో నుంచవలెను. సభ్యుడు సీసాడు బోరు నీటిని, గుప్పెడు పొట్టును తెచ్చినచో గుమాస్తా కొలిచి చెప్పగలడు. కడిగిన పొట్టు 0.5 డెసీసీమెన్లకు లోపున నుండవలెనని నియమము పెట్టుకొని, అంతకు మించిన సరుకును సంఘము ద్వారా అమ్మరాదు. ఈ సంగతిని వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రస్తావింప దలచినాము. సభ్యులు తమ తమ బోరు నీటిని సీసాలతో వెంట తెచ్చినచో అక్కడనే కొలిచి చూపుదుము.